పాత డీజిల్ బండి పొగ: ఒక ప్రాజెక్టు డైరీ

బండి చేతికొచ్చాక

ముందు బండి వివరాలు. నాలుగు సిలిండర్లు, రెండున్నర లీటర్లు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ఉంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది. ఇండైరెక్ట్ ఇంజెక్షన్, అంటే డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్‌లో, అంటే సిలిండర్ల పైమూతలో, ఉన్న చిన్న గదిలో పడి అక్కడే మండడం మొదలుపెడుతుంది. పంపు రోటరీ రకం, పూర్తిగా మెకానికల్. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లేదు, సెన్సర్లు లేవు, స్కానర్ పెట్టి కోడ్ చదువుకునే సుఖం అంతకన్నా లేదు. ఏం తెలుసుకోవాలన్నా కన్ను, చెవి, ముక్కు, ఆ తర్వాత గేజీలు.

ఫిర్యాదు ఒక్కటే: విపరీతమైన పొగ. చూసినవాళ్లు తలో తీర్పు ఇచ్చేశారు. ఒకరు "ఇంజిన్ బోర్‌కొచ్చేసింది" అన్నారు, అంటే సిలిండర్లూ రింగులూ అరిగిపోయాయని. ఇంకొకరు పంపు దించి కాలిబ్రేషన్ చేయించమన్నారు. మూడో ఆయన టర్బో పోయిందని ఖాయం చేసేశాడు. ముగ్గురూ చూసింది నిలబడ్డ బండికి రేస్ ఇచ్చినప్పుడు వచ్చిన పొగనే. ముగ్గురి సలహాలూ ఖరీదైనవే.

స్పానర్ పట్టకముందే పొగ ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకున్నాను. రంగు చూస్తే చాలనుకుంటారు గానీ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, లోడ్ మీదా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా అన్నది రంగు కంటే ఎక్కువ చెబుతుంది. నోట్సులో ఉన్నది ఇది.

రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తే సెల్ఫ్ చాలాసేపు తిరగాల్సి వస్తోంది. అందుకున్నాక దట్టమైన తెల్లపొగ, కళ్లు మండుతున్నాయి. ఇంజిన్ వణుకుతోంది, లోపల ఎక్కడో ఠకఠకమని నాకింగ్. కొన్ని నిమిషాలకు ఇవన్నీ సర్దుకుంటున్నాయి. వేడెక్కాక ఐడ్లింగ్‌లో పొగ దాదాపు లేదు. మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే మాత్రం ఆగకుండా నల్లపొగ, అద్దంలో వెనక రోడ్డు కనిపించనంత. పికప్ కూడా లేదు. పొడవాటి దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి వచ్చి, మళ్లీ తొక్కగానే ఒక్క గుక్క నీలం పొగ, వెంటనే మాయం.

ఈ నాలుగు ముక్కలు చదివితేనే తెలిసిపోతుంది, ఇక్కడ ఉన్నది ఒక్క జబ్బు కాదని.

రంగుల సంగతి

పని మొదలుపెట్టే ముందు, ఎందుకు ఏ రంగు వస్తుందో మళ్లీ ఒకసారి మనసులో సర్దుకున్నాను.

నల్లపొగ అంటే మసి. డీజిల్ వేడికి విడిపోయింది, కార్బన్ మిగిలింది, దాన్ని కాల్చడానికి ఆక్సిజన్ అందలేదు. లెక్క ప్రకారం కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి చాలు. కానీ డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం గాలిలో ముందే కలిసి ఉండదు, ఆఖరి క్షణంలో తుంపరగా పడుతుంది. ఎక్కడో ఒక మూల గాలి చాలదు. అందుకే గాలికీ డీజిల్‌కీ నిష్పత్తి 20 దగ్గరికి దిగేసరికే పొగ కనిపించడం మొదలవుతుంది. ఐడ్లింగ్‌లో ఇది 50 దాటి ఉంటుంది కాబట్టి అక్కడ నల్లపొగ రాదు. లోడ్ మీదే వచ్చే నల్లపొగకి రెండే దారులు: గాలి తగ్గి ఉండాలి, లేదా డీజిల్ ఎక్కువై ఉండాలి. డీజిల్‌ని సిలిండర్‌లోకి చల్లే నాజిల్ సరిగా పిచికారీ చేయకపోవడం కూడా చివరికి గాలి అందకపోవడం కిందికే వస్తుంది.

తెల్లపొగ దీనికి తలకిందులు. డీజిల్ అసలు అంటుకోలేదు, ఆవిరై బయటికొచ్చి చల్లబడి సన్నని తుంపరగా మారింది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 210 డిగ్రీల సెల్సియస్ పైమాటే కావాలి. 21కి ఒకటి కంప్రెషన్‌లో నలిగిన గాలి మామూలుగా దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. చల్లటి ఇంజిన్‌లో మాత్రం ఇనుప గోడలు ఆ వేడిని పీల్చేస్తాయి. ఇండైరెక్ట్ ఇంజిన్‌లో ఆ చిన్న గది వల్ల గోడల వైశాల్యం ఇంకా ఎక్కువ. అందుకే వీటికి ఆ గదిని ముందే వేడెక్కించే గ్లో ప్లగ్గులు తప్పనిసరి. టైమింగ్, అంటే డీజిల్ పడే క్షణం, ఆలస్యమైనా ఇదే పొగ వస్తుంది. పిస్టన్ కిందికి దిగడం మొదలయ్యాక గాలి చల్లబడుతుంది, అప్పుడు పడిన డీజిల్ అంటుకోదు.

తెల్లగా కనిపించే ఇంకొకటి ఉంది, కూలెంట్ ఆవిరి. అది గాలిలో తొందరగా కలిసిపోతుంది, కాస్త తియ్యటి వాసన వస్తుంది, కళ్లు మండవు. డీజిల్ తెల్లపొగ నేలబారుగా వేలాడుతుంది, ఘాటు తెలుస్తుంది. నా బండిలో కూలెంట్ మట్టం కదలడం లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు, హోస్‌లు పొద్దున్నే రాయిలా బిగుసుకోవడం లేదు. కూలెంట్ సిలిండర్లలోకి రాకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం అక్కడితో వదిలేశాను.

నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్. దాని గురించి తర్వాత.

సైలెన్సర్ మూతికి కొంచెం దూరంగా తెల్లగుడ్డ పట్టి చూశాను. పొద్దున పట్టిన గుడ్డ తడిగా, డీజిల్ వాసనతో ఉంది. ఎత్తు ఎక్కి వచ్చి పట్టిన గుడ్డ మీద పొడి మసి, వేలితో తుడిస్తే రాలిపోయింది. జిడ్డు మరక రెండింటిలోనూ లేదు. ఇదంతా ఆరుబయటే చేయాలి. షెడ్డులో తలుపులు మూసి ఇంజిన్ నడిపితే పేరుకునే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

కంప్రెషన్ ముందే

"బోర్‌కొచ్చింది" అన్న మాట నిజమైతే మిగతా పని అంతా వృథా. అందుకని దాన్నే ముందు తేల్చాలనుకున్నాను. డీజిల్‌కి 70 బార్ దాకా చూపే గేజీ కావాలి, పెట్రోల్ గేజీ పగిలిపోతుంది. ఇంజిన్ వేడి చేసి, పంపు మీద డీజిల్ ఆపే సోలెనాయిడ్ వైరు పీకి, గ్లో ప్లగ్గులన్నీ తీసి, ఆ రంధ్రంలో గేజీ బిగించి సెల్ఫ్ కొట్టాను.

రీడింగులు: 28, 27, 26.5, 28 బార్. ఈ రకం ఇంజిన్లకి 25 పైన ఉంటే బాగున్నట్టే. అంతకంటే ముఖ్యం, సిలిండర్ల మధ్య తేడా చాలా తక్కువ. రింగులు బాగానే ఉన్నాయి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే సన్నగా ఆవిరి తప్ప పొగ ఎగదన్నడం లేదు.

పెట్రోల్ ఇంజిన్‌లో చేసినట్టు సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి డీజిల్‌లో వద్దు. మంట గది ఎంత చిన్నదంటే, పోసిన ఆయిలే చోటు ఆక్రమించి రీడింగు పెంచేస్తుంది. ఎక్కువైతే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

గ్లో ప్లగ్గులు ఎలాగూ బయటే ఉన్నాయి. మల్టీమీటర్‌తో చూస్తే రెండు ఒక ఓమ్‌కి కాస్త తక్కువ చూపించాయి, రెండు ఓపెన్. సగం ప్లగ్గులు చచ్చిపోయి ఉన్నాయి. నాలుగూ కొత్తవి వేశాను. మళ్లీ వైర్లు కలిపాక క్లాంప్ మీటర్‌తో మొత్తం కరెంటు చూశాను, రిలే కూడా సరిగానే పనిచేస్తోంది. ప్లగ్గులు వేడి ఇంజిన్ మీదే విప్పాలి. చల్లటి హెడ్‌లో బలవంతం చేస్తే మెడ దగ్గర విరిగిపోతాయి, అప్పుడు హెడ్ దించడమే గతి.

మర్నాడు పొద్దున సెల్ఫ్ తక్కువ తిరిగింది. తెల్లపొగ తగ్గింది, పోలేదు. వణుకూ నాకింగూ అలాగే ఉన్నాయి.

గాలి వైపు

నల్లపొగ అనగానే అందరి చెయ్యి పంపు మీదికే వెళ్తుంది. గాలి వైపు చూడడానికి ఖర్చు లేదు, పైగా గాలి సరిగ్గా రానప్పుడు పంపు సెట్ చేస్తే ఆ సెట్టింగు అంతా అబద్ధమే అవుతుంది. కాబట్టి నా వరుసలో గాలిదే మొదటి స్థానం.

ఎయిర్ ఫిల్టర్ కొత్తదే. అయినా ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య గొట్టంలో టీ ముక్క పెట్టి, పారదర్శకమైన ట్యూబులో నీళ్లు పోసి యు ఆకారంలో వేలాడదీశాను. ఇంజిన్ గరిష్ఠ వేగంలో నీటి మట్టం కొద్దిగానే జరిగింది. ఫిల్టర్ వైపు అడ్డు లేదు.

తర్వాత టర్బో నుంచి ఇంజిన్ దాకా ఉన్న దారి. టర్బో మూతికి గట్టి మూత బిగించి, దానికి సైకిల్ వాల్వ్ పెట్టి, రెగ్యులేటర్ ద్వారా ముప్పావు బార్ గాలి ఇచ్చాను. ఎక్కువ ఇస్తే సీళ్లు పాడవుతాయి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, ఆయిల్ మూత తీసి ఉంచాలి, ఎందుకంటే కొంత గాలి వాల్వులు దాటి కింది దాకా పోతుంది. ఇంటర్‌కూలర్‌కి వెళ్లే కింది హోస్ దగ్గర సబ్బునీళ్లు నురగలెత్తాయి. పైనుంచి చూస్తే ఆ హోస్‌కి ఏ లోపమూ లేదు. వంపు కింది భాగంలో పొడవాటి చీలిక ఉంది, మామూలప్పుడు మూసుకుని, ఒత్తిడి పడితేనే తెరుచుకుంటోంది. దాని చుట్టూ నల్లటి జిడ్డు. పాత టర్బో డీజిల్ కొనే ఎవరైనా హోస్‌ల కింద వేలు పెట్టి తడమాలి, జిడ్డు తగిలిన చోటే లీకు.

ఈజీఆర్ వాల్వ్ ఇంకో కథ. సైలెన్సర్ వైపు వాయువు కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపి మంట వేడి తగ్గించడం, దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడం దాని పని. లోడ్ మీద అది పూర్తిగా మూసుకోవాలి. నా బండిలో మసి గడ్డకట్టి రెండు మూడు మిల్లీమీటర్లు తెరిచే ఉండిపోయింది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు తాజా గాలి రావలసిన చోట కాలిన గాలి దూరుతోంది. ఇంటేక్ మానిఫోల్డ్ లోపల తారులాంటి పూత, మూడో వంతు దారి మూసుకుపోయింది. రెండూ విప్పి గీకి కడిగాను. రేకు ముక్క వేసి ఈజీఆర్ మూసేయమని చాలామంది చెబుతారు. నేను వేయలేదు. బాగా పనిచేసే ఈజీఆర్ వల్ల కనిపించే పొగ రాదు, మూసేస్తే కనిపించని విషం పెరుగుతుంది.

బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) చూపే గేజీని హోస్ మార్చకముందే తగిలించి ఉంచాను. అదే ఎత్తు, అదే గేరు: ముందు 0.35 బార్, తర్వాత 0.65. టర్బో పోయిందన్న తీర్పు అక్కడ కొట్టుకుపోయింది. పికప్ వచ్చేసింది, బండి ఎగబాకింది. నల్లపొగ సగానికి సగం తగ్గింది. సగమే.

గాలి పూర్తిగా వస్తున్నా ఇంకా పొగ ఉందంటే డీజిల్ ఎక్కువ పడుతున్నట్టే.

పంపు మీద ఎవరో చెయ్యి పెట్టారు

పంపుని టార్చి వేసి శుభ్రంగా చూశాను. ఫుల్ లోడ్ స్క్రూ, అంటే గరిష్ఠంగా ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించేది, దాని మీద కంపెనీ బిగించే సీలు తెగిపోయి ఉంది. మర మీద మట్టి పట్టి ఉండాల్సిన చోట మెరుస్తోంది. లాక్ నట్ అంచులు స్పానర్ జారి గుండ్రబడ్డాయి.

కథ అర్థమైంది. హోస్ చీలింది, బూస్ట్ పడిపోయింది, పికప్ తగ్గింది. ఎవరో స్క్రూ లోపలికి తిప్పి డీజిల్ పెంచారు. పికప్ కాస్త వచ్చినట్టనిపించింది, దానితోపాటు పొగ కూడా. పాత బండి పొగలో అరుగుదల ఎంతుందో, ఆ అరుగుదలని కప్పిపుచ్చిన సర్దుబాట్లు అంత ఉంటాయి. రెండోదాన్ని వెతకడం కష్టం, ఎందుకంటే అక్కడ విరిగిన పార్టు ఏదీ కనిపించదు.

స్క్రూని వెంటనే వెనక్కి తిప్పలేదు. నాజిళ్లు, టైమింగ్ తేలకుండా దాన్ని ముట్టుకుంటే నేనూ ఇంకో సర్దుబాటు కలిపినట్టే. ఉన్న స్థితిని మార్కర్‌తో గీత గీసి ఉంచాను. పంపు ఫ్లాంజి దగ్గర ఇంకో సంగతి కనబడింది. పంపు మీద గీతా, బ్రాకెట్ మీద గీతా ఎదురెదురుగా లేవు. పంపుని కొద్దిగా ఆలస్యం వైపు తిప్పి బిగించారు. ఇదెందుకు చేశారో అప్పటికి తెలియలేదు.

ఏ సిలిండర్?

డీజిల్ సరఫరాలో గాలి దూరుతోందేమో చూడడానికి పంపుకి వెళ్లే లైనులో పారదర్శకమైన ట్యూబు పెట్టాను. ఒకటీ అరా బుడగలు కనిపించాయి. నాజిళ్ల మీది రిటర్న్ హోస్‌లు ఎండి పగిలాయి, మార్చాక బుడగలు ఆగాయి. డీజిల్ ఫిల్టరూ మార్చాను. పొగలో తేడా పెద్దగా రాలేదు, సెల్ఫ్ మాత్రం ఇంకాస్త తొందరగా అందుకుంది.

వణుకుకి కారణమైన సిలిండర్‌ని చల్లటి ఇంజిన్ మీద, పొగ వస్తుండగానే పట్టుకోవాలి. వేడెక్కాక అన్నీ మంచివిగానే నటిస్తాయి. పొద్దున్నే స్టార్ట్ చేసి, నాజిల్ పైపుల నట్టుల్ని ఒక్కొక్కటిగా అర చుట్టు వదులు చేశాను. వదులు చేయగానే ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు. ఆరోగ్యంగా ఉన్న సిలిండర్ అయితే ఇంజిన్ వేగం పడిపోతుంది. ఒకటి, రెండు, నాలుగు అలాగే పడ్డాయి. మూడోది వదులు చేస్తే వేగం పెద్దగా మారలేదు, కానీ నాకింగ్ ఠక్కున ఆగిపోయింది, తెల్లపొగ పలచబడింది. దొంగ దొరికాడు.

ఈ పరీక్షకి కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు ఉండాలి, నట్టు చుట్టూ గుడ్డ కప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఇలాంటి పాత మెకానికల్ పంపులకి మాత్రమే. కామన్ రైల్ ఇంజిన్ల పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. అక్కడ నట్టు వదులు చేస్తే వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చూడడానికి సూది గుచ్చినంత గాయమే, కానీ చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

నాజిల్ బెంచి

నాలుగు నాజిళ్లూ విప్పి, టెస్టింగ్ బెంచి ఉన్న ఒక పాత మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన చేతి పంపుకి బిగించి లివర్ నొక్కాడు. ఒకటి, రెండు, నాలుగు 118 నుంచి 122 బార్ల మధ్య తెరుచుకున్నాయి. పుస్తకం చెప్పేది 135. అరిగాయి కానీ సమానంగా అరిగాయి. పిచికారీ పొగమంచులా పడింది, కిర్రుమని చప్పుడు వచ్చింది. నాజిల్‌లో సూది వేగంగా కొట్టుకుంటోందనడానికి ఆ కిర్రు గుర్తు.

మూడోది 98 దగ్గరే తెరుచుకుంది. చప్పుడు లేదు. మూతి దగ్గర ముందు చుక్క నిలబడింది, తర్వాత ధారగా కారింది.

"ఇది పిచికారీ కాదు సార్, కుళాయి" అన్నాడాయన. నాజిల్ వైపు నా వేలు వెళ్లబోతే లివర్ వదిలేసి, "ముందు చెయ్యి తియ్యండి" అని కసిరాడు.

"దీనివల్లేనా నాకింగ్?"

"మరి? మిగతావాటికంటే ముందే తెరుచుకుంటోంది కదా. ముందు పడిన డీజిల్ అంతా ఒక్కసారి అంటుకుంటే కొట్టదా? ఇంతకీ పంపు ఎవరైనా తిప్పారా?"

ఫ్లాంజి మీద గీతల సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు. "నాకింగ్ వినబడకుండా పంపుని వెనక్కి తిప్పుంటారు. ఒక్కదాని గోల ఆపడానికి మిగతా మూడింటినీ ఆలస్యం చేశారు."

అప్పుడు ముడి విడిపోయింది. మూడో నాజిల్ స్ప్రింగు నీరసించి ముందుగా తెరుచుకుంటోంది, దాంతో నాకింగ్. చప్పుడు తగ్గించడానికి ఎవరో పంపుని ఆలస్యం వైపు తిప్పారు. ఇప్పుడు మంచి సిలిండర్లలో కూడా డీజిల్ ఆలస్యంగా పడుతోంది, చల్లటి ఇంజిన్‌లో అంటుకోవడం లేదు. పైన సగం గ్లో ప్లగ్గులు చచ్చి ఉన్నాయి. తెల్లపొగకి మూడు కారణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయన్నమాట. ఏ ఒక్కటి బాగుచేసినా పొగ "కొంచెం" తగ్గుతుంది, అందుకే గ్లో ప్లగ్గులు మార్చిన పొద్దున అలా జరిగింది.

నాలుగింటికీ కొత్త నాజిళ్లు వేయించాను. స్ప్రింగు కింద షిమ్ములు, అంటే సన్నని వాషర్లు, మార్చి ఒత్తిడి సరిచేస్తారు, 0.05 మిల్లీమీటర్ల షిమ్ముకి దాదాపు 5 బార్లు మారుతుంది. నాలుగూ 135కి అటూఇటూ రెండు బార్ల లోపే తెచ్చాడు. మళ్లీ బిగించేటప్పుడు హెడ్‌లో అడుగున ఉండే వాషర్లు కొత్తవే వాడాలి. పాతవి ఒకసారి నలిగిపోయాక మళ్లీ సీలు పట్టవు, వేడి నాజిల్ మూతికి తగిలి కొత్త నాజిల్ కూడా తొందరగా పోతుంది. పాత వాషర్ రంధ్రంలో అతుక్కుపోయి ఉంటే, దాని మీదే కొత్తది వేసేవాళ్లని చూశాను. టార్చి వేసి చూడడం ఒక్క నిమిషం పని.

టైమింగ్

ఇందుకు డయల్ గేజీ, దాన్ని పంపు తలలో బిగించే అడాప్టరు కావాలి. పంపు వెనక నాలుగు పైపుల మధ్యలో ఉన్న చిన్న బోల్టు తీసి గేజీ పెట్టాను. చల్లటి స్టార్ట్ కోసం టైమింగ్ ముందుకు జరిపే లివర్ ఒకటి పంపు పక్కన ఉంటుంది, అది పూర్తిగా వదిలేసి ఉందని చూసుకోవాలి. దాన్ని మరిచిపోతే కొలత మొత్తం తప్పు. క్రాంక్‌ని వెనక్కి తిప్పి, గేజీ ముల్లు కదలడం ఆగిన చోట సున్నా పెట్టి, మళ్లీ సరైన దిశలో మొదటి సిలిండర్‌ని పై డెడ్ సెంటర్‌కి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి, తెచ్చాను.

ఈ ఇంజిన్‌కి ప్లంజర్ (పంపులో డీజిల్‌ని నెట్టే కడ్డీ) 0.95 మిల్లీమీటర్లు లేచి ఉండాలి. నాకు వచ్చింది 0.72. టైమింగ్ బెల్టు బిగువు, పళ్ల గుర్తులు సరిచూసి, అవి బాగున్నాయని తేలాకే పంపు బోల్టులు వదులు చేసి ఇంజిన్ వైపు కొద్దిగా తిప్పాను. వెంట్రుకవాసి కదిపితే గేజీలో పదో పదిహేనో వందో వంతులు మారిపోతాయి. బోల్టులు బిగించేటప్పుడు కూడా కొలత జరుగుతుంది, అందుకని బిగించాక మళ్లీ చూడాలి. చివరికి 0.95 నిలబడింది. ఫ్లాంజి మీద గీతలు రెండూ ఎదురెదురుగా వచ్చాయి. కంపెనీలో పెట్టిన గీత సరైనదేనని గేజీ సాక్ష్యం చెప్పింది.

మర్నాడు పొద్దున: సెల్ఫ్ తగలగానే అందుకుంది. తెల్లటి తెర ఒకటి లేచి కొన్ని సెకన్లలో పోయింది. నాకింగ్ లేదు. చల్లటి డీజిల్‌కి మామూలుగా ఉండే గరుకు చప్పుడే ఉంది.

ఇక స్క్రూ

ఇప్పుడు ఫుల్ లోడ్ స్క్రూ వంతు. ముందు, పంపు మీద బూస్ట్‌ని బట్టి డీజిల్ పెంచే డయాఫ్రం బాగుందో లేదో చేతి పంపుతో గాలి పట్టి చూశాను. ఒత్తిడి నిలబడింది. అది చిరిగి ఉంటే బూస్ట్ వచ్చినా డీజిల్ పెరగదు, బండి నీరసంగా ఉంటుంది, మళ్లీ ఎవరో ఒకరు స్క్రూ మీదికే వెళ్తారు.

ఎనిమిదో వంతు చుట్టు బయటికి తిప్పడం, అదే ఎత్తు ఎక్కి రావడం, పొగ చూడడం. ఈ స్క్రూ కదిలితే ఐడ్లింగ్ కూడా పడిపోతుంది, కాబట్టి ప్రతిసారీ ఐడిల్ స్క్రూ కూడా సరిచేయాలి. చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తిప్పేస్తారు. గేరు మార్చినప్పుడు సన్నని బూడిద రంగు మరక మాత్రమే కనబడి, పికప్ ఇంకా తగ్గని చోట ఆపాను.

గాలి పని పూర్తయినప్పుడు ఒకసారి, ఇప్పుడొకసారి పొగ మీటరు మీద పెట్టించాను. ముందు కె విలువ 2.6, ఇప్పుడు 1.1. ఈ అంకె చదవడం చాలామందికి అలవాటు లేదు. మీటరు లోపల పొగ గుండా వెలుతురు పంపి ఎంత ఆగిందో చూస్తారు. 0.43 మీటర్ల గొట్టంలో వెలుతురులో 65 శాతం ఆగితే కె విలువ 2.44, సగం ఆగితే 1.61. సరళరేఖ లెక్క కాదు కాబట్టి శాతం కొంచెం తగ్గినా కె బాగా తగ్గుతుంది. పరీక్షలో నిలబడ్డ బండిని గరిష్ఠ వేగం దాకా ఒక్కసారిగా తొక్కుతారు. ఇంజిన్ ఆయిల్ బాగా వేడెక్కకుండా, బెల్టు వయసు తెలియకుండా ఆ పరీక్షకి వెళ్లకూడదు. ఆ వేగంలో పాత బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి.

నీలం పొగ

మిగిలింది ఇదొక్కటే. దిగుడు తర్వాతే వస్తోంది, లోడ్ మీద రావడం లేదు, కంప్రెషన్ బాగుంది. రింగులు కాదు. మిగిలినవి టర్బో, వాల్వ్ సీళ్లు.

టర్బో మూతి దగ్గర హోస్ తీసి షాఫ్టుని వేళ్లతో కదిపాను. పక్కకి కాస్త ఊగడం సహజం, ఆయిల్ పొర మీద తిరిగేదానికి ఆ సందు ఉండాలి. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలియలేదు, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులు లేవు. ఇంటర్‌కూలర్ కింద సన్నని ఆయిల్ పొర ఉంది, మడుగు లేదు. క్రాంక్ కేసులోని ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం సగం మూసుకుపోయి ఉంటే కడిగాను. అది మూసుకుంటే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి, బాగున్న టర్బో సీలు దగ్గర కూడా ఆయిల్ బయటికి నెట్టుకొస్తుంది. కొత్త టర్బో కొన్నాక ఈ సంగతి తెలుసుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ మడుగు కట్టి ఉంటే మాత్రం బండి నడపకూడదు. ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగడం మొదలుపెడితే తాళం తీసినా ఆగదు, వేగం అలా పెరుగుతూనే పోతుంది. అప్పుడు పెద్ద గేరు వేసి, బ్రేకు బలంగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజిన్‌ని అణచాలి, లేదా గాలి వచ్చే దారిని గట్టి పలకతో మూయాలి. చేత్తో మూయడానికి పోకూడదు.

కాబట్టి వాల్వ్ సీళ్లు. వాల్వ్ గైడ్ల వెంట హెడ్ మీది ఆయిల్ కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. కాలు తీసేసిన దిగుడులో అది కాలకుండా పేరుకుంటుంది, తొక్కగానే ఒక్కసారి కాలి నీలం గుక్కగా బయటికొస్తుంది. ఆయిల్ మట్టం నెల రోజులుగా గీతలు గీసి చూస్తున్నాను, తగ్గుదల పుస్తకం ఒప్పుకునే లెక్కలోనే ఉంది. తొందరలేదు. టైమింగ్ బెల్టు మార్చే సమయం దగ్గర పడింది, సీళ్ల కోసం కామ్ షాఫ్ట్ తీయాలన్నా ఎలాగూ ఆ బెల్టు విప్పాల్సిందే. సీళ్ల సెట్టు తెప్పించి పెట్టుకున్నాను. ఈ ఇంజిన్‌లో వాల్వులు నిటారుగా ఉంటాయి, పిస్టన్‌ని పై డెడ్ సెంటర్‌కి తెస్తే వాల్వ్ దాని మీదే కూర్చుంటుంది, సిలిండర్‌లో పడిపోదు. హెడ్ దించకుండానే స్ప్రింగులు తీసి సీళ్లు మార్చేయవచ్చు. ఈలోగా ఫుల్ లోడ్ స్క్రూ మీద కొత్త సీలు వేసి, ఎన్ని చుట్లు బయటికి ఉందో, టైమింగ్ కొలత ఎంతో సర్వీస్ పుస్తకం లోపలి అట్ట మీద రాశాను.